అమెరికా నోటు మీద ‘బ్యాంక్ ఆఫ్ ఇటలీ’ పేరేమిటి? అది దొంగ నోటా?

మీ మేనమామగారి పెట్టెలో దొరికిన 20 డాలర్ల నోటు మీద ‘బ్యాంక్ ఆఫ్ ఇటలీ, శాన్ ఫ్రాన్సిస్కో’ అని ఉందనీ, ఎవరో ఆయనకు దొంగ నోటు అంటగట్టారేమోననీ అడిగారు. పేరు చూసి టెన్షన్ పడకండి. అలాంటి నోట్లు నిజంగానే ఉన్నాయి. నా దగ్గరా ఒకటి ఉంది.

1935 దాకా అమెరికాలో నేషనల్ బ్యాంకుల (అంటే కేంద్ర ప్రభుత్వం నుంచి అనుమతి పొందిన ప్రైవేటు బ్యాంకుల) పేర్లతో నోట్లు వచ్చేవి. బ్యాంకు ప్రభుత్వ బాండ్లు కొని ట్రెజరీలో జమ చేస్తే, ప్రభుత్వమే ఆ బ్యాంకు పేరుతో నోట్లు అచ్చువేసి ఇచ్చేది. మీది 1929 సిరీస్ నోటు అయితే సీలు, సీరియల్ నంబరు గోధుమ రంగులో ఉంటాయి. రెండు పక్కలా నల్ల అంకెల్లో 13044 అని నిలువుగా ఉందేమో చూడండి. అది ఆ బ్యాంకు చార్టర్ నంబరు, అంటే ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం నంబరు. 1930లో ఆ బ్యాంకు మరోదాన్ని కలుపుకొని ‘బ్యాంక్ ఆఫ్ అమెరికా’ అయింది. అవును, ఇప్పుడున్న ఆ పెద్ద బ్యాంకే. కొత్త పేరుతో వచ్చిన నోట్ల మీదా అదే 13044 ఉంటుంది. ఈ చిన్న సైజు నోట్లు మొదలైందే 1929లో కాబట్టి వాటి మీద ఇటలీ పేరు నడిచింది కొద్దికాలమే.

ఈ బ్యాంకు పెట్టిన అమడియో జియానీనీ ఇటలీ నుంచి వలస వచ్చిన దంపతుల కొడుకు, 1870లో కాలిఫోర్నియాలోని మా ఊరు శాన్ హోజేలోనే పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి హత్యకు గురయ్యాడు. మారుతండ్రి పళ్లు, కూరగాయల హోల్‌సేల్ వ్యాపారంలో పెరిగాడు. చేపలు పట్టేవాళ్లకు, పళ్లు అమ్ముకునేవాళ్లకు అప్పటి బ్యాంకులు అప్పిచ్చేవి కావు. వాళ్ల కోసమే 1904లో శాన్ ఫ్రాన్సిస్కోలోని నార్త్ బీచ్ పేటలో, అంతకుముందు సారా దుకాణం నడిచిన గదిలో బ్యాంక్ ఆఫ్ ఇటలీ తెరిచాడు. 1906 భూకంపం తర్వాత మంటలు కమ్ముకొస్తుంటే, బ్యాంకులోని డబ్బును కూరగాయల బండిలో నారింజ పెట్టెల కింద దాచి ఊరు దాటించాడు. కొద్ది రోజులకే రేవులో పీపాల మీద చెక్క వేసి, దాన్నే కౌంటర్‌గా పెట్టుకుని అప్పులివ్వడం మొదలుపెట్టాడు.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో క్రెడిట్ హిస్టరీ లేదని ఒక బ్యాంకు నాకు కార్డు ఇవ్వలేదు. చేతిలో ఉద్యోగం, జీతం స్లిప్పు ఉన్నా తల దించుకుని బయటికి వచ్చాను. తర్వాత శాన్ హోజే డౌన్‌టౌన్‌లో ఉన్న 14 అంతస్తుల పాత బ్యాంక్ ఆఫ్ ఇటలీ భవనం గురించి చదువుతుంటే ఈ కథ తెలిసింది. అప్పటినుంచీ ఆ పేరున్న నోటు కోసం వెతికాను.

దొరికాక మాత్రం మోసపోయాను. ఒక కాయిన్ షోలో కొన్న నోటు చూడ్డానికి కొత్తదానిలా పెళపెళలాడుతోంది. ఇంటికొచ్చి గది చీకటి చేసి, ఫోన్ టార్చ్‌ను నోటుకు ఒక పక్కన, బల్లకు ఆనించి వెలిగిస్తే నడిమధ్యలో సన్నగా మడత గీత తేలింది. కాగితం మీద ఉండాల్సిన సహజమైన గరుకు లేదు. మడతలు కనబడకుండా కడిగి ఇస్త్రీ చేసిన నోటు అది. గ్రేడింగ్‌కు, అంటే నోటు అసలుదనాన్నీ స్థితినీ పరీక్షించే సంస్థకు పంపితే వాళ్లూ అదే రాశారు. నేనిచ్చిన ధరలో సగం కూడా రాదు. అయినా అమ్మలేదు, నా బీరువాలోనే ఉంది.

మీరు మాత్రం నోటును తుడవకండి, మడత సరిచేయకండి, లామినేషన్ అసలే వద్దు. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్లకు జిగురు కక్కుతాయి, మైలార్ (పాలిస్టర్ ప్లాస్టిక్) కవరు తీసుకోండి. శాన్ ఫ్రాన్సిస్కో నోట్లు చిన్న ఊళ్ల బ్యాంకుల నోట్లంత అరుదు కావు. కాబట్టి ధర చాలావరకు నోటు స్థితిని బట్టే ఉంటుంది. వేలంలో అమ్ముడైన ఇలాంటి నోట్ల ధరలు చూడండి, అమ్మేవాళ్లు అడిగే ధరలు కాదు. రెండు వైపులా ఫొటోలు, టార్చ్ పక్కన పెట్టి తీసిన ఫొటో ఒకటి ఇక్కడ పెడితే చూసి చెబుతాను.