నాన్నగారి 70వ పుట్టినరోజుకు టైగర్ మాత్: డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: వచ్చే జూన్‌లో మా నాన్నగారికి 70 నిండుతాయి. యుద్ధం రోజుల్లో మా తాతగారు బేగంపేట విమానాశ్రయంలో పనిచేశారు. అప్పటి, ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలుండే విమానాల కబుర్లు నాన్న ఇప్పటికీ చెబుతుంటారు. ఆ నెల అమ్మానాన్నలు ఇంగ్లండ్‌లో అక్క దగ్గర ఉంటారు. అక్కడి డక్స్‌ఫర్డ్ అనే ఊళ్లో, ఆయనకు ముందే చెప్పకుండా, టైగర్ మాత్ అనే అలాంటి పాతకాలపు విమానం ఎక్కించాలని మా కోరిక. అంతా కలిపి 60,000 రూపాయలు అవుతుంది. నా జీతం 72,000, ఇంటి లోన్ ఈఎంఐ 26,000. అత్యవసరానికి 1,80,000 ఎఫ్‌డీ ఉంది. వాళ్లు తిరిగొచ్చాక, 70 ఏళ్లకు చేసే భీమరథ శాంతి చేయాలని లక్షన్నర కూడబెడుతున్నాం. విమానం ఖర్చు క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెట్టనా, ఎఫ్‌డీ తీయనా?

జవాబు: రెండూ వద్దు. విమానం మాత్రం తప్పకుండా ఎక్కించండి. 1931లో తొలిసారి ఎగిరిన టైగర్ మాత్‌ల మీదే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో కొత్త పైలట్లు మొదటి పాఠాలు నేర్చుకున్నారు. తాతగారు రోజూ చూసిన విమానంలో నాన్నగారు కూర్చోబోతున్నారు. ఇలాంటి ఖర్చును నేను దుబారా అనను.

మీ ఎఫ్‌డీ ఇంటి ఖర్చులకు, ఈఎంఐకి కలిపి మూడు నెలలు వస్తుందేమో. దాన్ని కదపకండి. డబ్బు భీమరథ శాంతి కోసం దాస్తున్న లక్షన్నరలోనే ఉంది. హోమం, పురోహితుల సంభావన, దగ్గరి బంధువుల భోజనాలు అలాగే ఉంచి, ఫంక్షన్ హాలు, రిటర్న్ గిఫ్టులు మానేయండి. 90,000లో ఇంటి దగ్గరే నిండుగా జరుగుతుంది. పుట్టినరోజు ఆయనది, ఖర్చు కూడా ఆయన సంతోషానికే జరగాలి.

ఇక్కడి కార్డుతో పౌండ్లలో కడితే చాలా బ్యాంకులు 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీలో కట్టినందుకు అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ వేస్తాయి. 60,000కి సుమారు 2,500 రూపాయలు ఊరికే పోతాయి. అక్క తన కార్డుతో అక్కడే కట్టేస్తే సరి. ఆ మొత్తాన్ని మీరు ఆమె ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు (విదేశాల్లో ఉండే భారతీయులకు ఇక్కడి బ్యాంకులో ఉండే రూపాయల ఖాతా) రూపాయల్లో గిఫ్ట్‌గా పంపండి. తోబుట్టువుల మధ్య గిఫ్ట్‌కు ఆదాయపు పన్ను ఉండదు.

నాకు అసలు టెన్షన్ ఇన్సూరెన్స్ గురించి. టికెట్ కొని ఎక్కే మామూలు ఎయిర్‌లైన్ విమానం కాకుండా వేరే విమానం ఎక్కితే చాలా ట్రావెల్ పాలసీలు క్లెయిమ్ ఇవ్వవు. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చేరితే బిల్లు అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వేస్తారు. అందుకే టైగర్ మాత్ పేరు రాసి, ఇది కవర్ అవుతుందా అని బీమా కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే బుక్ చేయండి. నాన్నగారికి బీపీ, షుగర్ లాంటివి ఉంటే పాలసీ తీసుకునేటప్పుడే దాచకుండా చెప్పండి.

అందుకే, ఆయనకు చెప్పకుండా చేయాలన్న ఆలోచన మానుకోమంటాను. కింది రెక్క మీద అడుగుపెట్టి ముందు సీట్లోకి దిగాలి, పైన కప్పు ఉండదు. మోకాళ్లు సహకరిస్తాయో లేదో ఆయనకే తెలుస్తుంది. బరువు పరిమితి ఎంతో కూడా ముందే కనుక్కోండి.

గాలి, వాన ఉంటే ఆ రోజు ఎగరనివ్వరు. వాళ్లు ఇంగ్లండ్‌లో దిగిన మొదటి వారంలోనే తేదీ తీసుకోండి. వాయిదా పడినా తిరుగు ప్రయాణానికి ముందు ఇంకో రోజు దొరుకుతుంది.