అంగీ తెమ్మని రాసింది కూడా పౌలే

ప్రశ్న: డబ్బు వ్యవహారంలో కేసు పడి మా ఆయన నాలుగు నెలలుగా రిమాండ్‌లో ఉన్నారు. ములాఖత్‌కు వెళ్తే ఇద్దరం ఏడవడమే. "పౌలు సంకెళ్లలో ఉండి కూడా ఆనందించమని రాశాడు, నీకే విశ్వాసం చాలడం లేదు" అంటారు మా చర్చి సంఘంలో ఒక పెద్దావిడ. తొమ్మిదేళ్ల బాబుకు నాన్న దుబాయ్ వెళ్లాడని చెప్పాను. ఆయనకు ఉత్తరం రాద్దామని కూర్చుంటే ఒక్క మాటా రావడం లేదు.

జవాబు: అమ్మా, ఆవిడ చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పారు. క్రీస్తు సువార్త చాటిన పౌలు ఖైదులో ఉండి ఫిలిప్పీ ఊరి సంఘానికి రాసిన ఉత్తరమే బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక. ఆనందించమన్న ఆ పత్రికలోనే రెండో అధ్యాయం తీసి చూడండి. ఫిలిప్పీ వాళ్లు పంపిన సాయం పట్టుకొచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్లాడు. అతను బతకబట్టి తనకు "దుఃఖముమీద దుఃఖము" తప్పిందంటాడు పౌలు. అంటే మొదటి దుఃఖం అప్పటికే ఉందన్నమాట!

ఖైదులోంచే తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర అయితే అచ్చం ఇంటికి రాసుకున్నట్టే ఉంటుంది. త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ తీసుకురమ్మంటాడు. పుస్తకాలు కూడా తెమ్మంటాడు. లూకా ఒక్కడే తోడున్నాడట, చలికాలం రాకముందే బయల్దేరమంటాడు. చలికి అంగీ అడిగినందుకు పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరూ అనలేదు కదా.

మీరూ అలాగే రాయండి. పేజీ నిండా బైబిలు వాక్యాలు ఎక్కించకండి. బాబుకు లెక్కల్లో ఎన్ని వచ్చాయో, ఇంటి అద్దె ఎలా సర్దారో రాయండి. మీకేం కావాలో, ఆయనకేం పంపాలో అడగండి. జైల్లో ఉత్తరాలు చదివాకే లోపలికి ఇస్తారు కాబట్టి కేసు సంగతులు మాత్రం వద్దు. ఇంకొకటి. పౌలు సువార్త కోసం బంధకాల్లో పడ్డాడు, మీ ఆయన కేసు కోర్టులో తేలాలి. ఇద్దర్నీ పోల్చి చూడకండి.

లాయరు ఖర్చుకు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్నవారికి ఉచితంగా లాయర్ని పెడతారు. 15100కు ఫోన్ చేసినా చెప్తారు.

దుబాయ్ మాట ఈ వారమే సరిచేయాలి. బడిలో ఎవరో ఒకరు వాడికి చెప్పేస్తారు, అప్పుడు మీ మీద నమ్మకం కూడా పోతుంది. "నాన్న మీద కేసు ఉంది, కోర్టు తేల్చేదాకా జైల్లో ఉండాలి, నీ వల్ల కాదు" అంటే వాడికి చాలు. ఏడిస్తే ఏడవనివ్వండి.

ఇక ఆ పెద్దావిడ. ఒనేసిఫోరు అనే ఆయన పౌలు సంకెళ్లకు సిగ్గుపడకుండా రోమాలో వెతుక్కుంటూ వెళ్లి కలిశాడు. ఈసారి ములాఖత్‌కు తోడు రమ్మని ఆవిణ్ణి అడగండి. కుదరదంటే, ఆ పూట బాబుకు అన్నం పెట్టి తన దగ్గర ఉంచుకోమనండి.