అటక మీది సామాన్లు ఆన్‌లైన్ వేలంలో పెట్టొచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి దగ్గర పల్లె. నాన్న ఎప్పుడో పోయారు, ఈమధ్య అమ్మ కూడా పోయింది. పాత ఇల్లు అమ్మేస్తున్నాం. అటక ఖాళీ చేస్తే ఇత్తడి గంగాళాలు, భోషాణం, మర్ఫీ రేడియో, జార్జి రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయలు, తాళపత్రాల కట్ట, జానెడు పంచలోహ వేణుగోపాలస్వామి విగ్రహం, నెమలి ఈకల విసనకర్ర, ఏనుగు దంతంతో చేసిందని అమ్మ చెప్పే కుంకుమ భరిణె దొరికాయి. హాల్లో గోడకు దుప్పి కొమ్ములు ఎప్పటినుంచో ఉన్నాయి. మా అబ్బాయి అన్నిటికీ ఫోటోలు తీసి ఆన్‌లైన్ వేలంలో పెట్టాడు. విగ్రహానికి అమెరికా నుంచి ఒకాయన మంచి ధర పాడాడు. ధర పెరగాలని మా మేనల్లుడు వేరే పేరుతో మధ్యమధ్యలో పాట పెంచుతున్నాడు. వెండి రూపాయలు కొంటానన్న మరొకాయన అడ్వాన్సు వేస్తానంటూ క్యూఆర్ కోడ్ పంపాడు. నాకు ఒక చెల్లెలు, పెళ్లయి విశాఖలో ఉంటుంది. వీటిలో చట్టపరంగా చిక్కులేమైనా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. మిగతాది తర్వాత చదువుదురుగాని, ముందు మీ అబ్బాయికి చెప్పి భరిణె, దుప్పి కొమ్ముల ప్రకటనలు తీయించండి. విగ్రహం పాట కూడా ఆపించండి. గంగాళాలు, భోషాణం, రేడియో గురించి టెన్షన్ పడక్కర్లేదు, అవి మీ ఇష్టం.

భరిణె, కొమ్ములతోనే మొదలుపెడతాను, ఎందుకంటే జైలు ప్రమాదం ఎక్కువగా ఉన్నది వాటితోనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు కొమ్ము గానీ దంతం గానీ దానితో చేసిన వస్తువు గానీ మన ఇంట్లో తరాలుగా ఉందన్నంత మాత్రాన మన సొత్తయిపోదు. రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పెద్ద అటవీ అధికారి, అంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. అలాంటివి ఉన్నవాళ్లు వెల్లడించుకోవడానికి 2003లో ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక అవకాశం ఇచ్చింది. అప్పట్లో మీ నాన్నగారు గానీ అమ్మగారు గానీ కాగితం ఏమైనా తీసుకున్నారేమో భోషాణం అడుగున వెతకండి. దొరికితే, వారసులుగా మీరు అవి సంక్రమించిన 90 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేయాలి. అయితే ఆ పత్రం ఉన్నా మీకు దక్కేది ఇంట్లో ఉంచుకునే హక్కే. డబ్బుకు అమ్మే హక్కు 43వ సెక్షన్ ఎవరికీ ఇవ్వలేదు. ఏనుగు ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు. ఆ కేసులో శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోవచ్చు, జరిమానా కనీసం 25 వేలు. పైగా అది మీ దగ్గర దొరికిందని తేలితే, చట్టబద్ధంగానే ఉందని రుజువు చేసుకోవాల్సిన బరువు మీ మీదే పడుతుంది.

అసలది దంతమేనా అని మీకు అనుమానం రావచ్చు. పాత భరిణెల్లో ఎముకవీ ప్లాస్టిక్‌వీ బోలెడు. అడుగుభాగం వెలుతురుకు పట్టి చూడండి. అడ్డంగా కోసిన ముఖం మీద సన్నటి గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వలలా కనిపిస్తే అది ఏనుగు దంతమయ్యే అవకాశం ఎక్కువ. కనిపించకపోయినా మీరే తీర్పు చెప్పేసుకోకండి. అనుమానం వస్తే అటవీ శాఖ హైదరాబాద్‌లోని సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) లాంటి చోట్ల డీఎన్‌ఏ పరీక్ష చేయించగలదు, అది బయటపడ్డాక మీ మాట నిలవదు. ధ్రువపత్రం లేకపోతే మీ ఊరి వకీలును వెంటబెట్టుకుని, వస్తువు ఎక్కడ ఎలా దొరికిందో రాసి, జిల్లా అటవీ అధికారికి అప్పగించి రసీదు తీసుకోండి. మనసు ఒప్పకపోవచ్చు, అమ్మ వస్తువు కదా. కానీ ఇంటర్నెట్‌లో ఫోటో పెట్టాక దాన్ని మళ్లీ బీరువాలో దాచుకోవడం మంచి ఆలోచన కాదు. నెమలి ఈకల విసనకర్ర సంగతి వేరు. నెమలి తోక ఈకలకు 43వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, మన దేశంలో అమ్ముకోవచ్చు, విదేశాలకు మాత్రం పంపకూడదు.

ఇక వేణుగోపాలస్వామి. పురావస్తువులు, కళాఖండాల చట్టం కూడా 1972 నాటిదే, అమల్లోకి వచ్చింది 1976లో. నూరేళ్లు దాటిన విగ్రహం, నాణెం, చిత్రం పురావస్తువు కిందకి వస్తాయి. రాతప్రతులకైతే శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువో కళాత్మక విలువో ఉంటే 75 ఏళ్లు చాలు. పురావస్తువును కేంద్ర ప్రభుత్వం, అది అనుమతించిన సంస్థ తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా అదనం. కాబట్టి అమెరికా ఆయనకు ‘విదేశాలకు పంపడం కుదరదు’ అని ఒక్క ముక్క రాయించి ఊరుకోండి. ‘మా చుట్టం వస్తున్నాడు, బ్యాగులో పెట్టి పంపండి’ అని ఆయన బేరం మార్చినా సరే. సూట్‌కేసులో పెట్టినా అది ఎగుమతే. అసలు విగ్రహం నూరేళ్లదో కాదో తేల్చే పని మీదీ కాదు, కొనేవాడిదీ కాదు. వివాదం వస్తే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ మాటే ఆఖరు. ఆ శాఖ అమరావతి సర్కిల్ కార్యాలయానికి ఫోటోలు, కొలతలతో రాయండి. పాతది కాదని తేలితే ఆ మేరకు ధ్రువపత్రం ఇస్తారు. పాతదే అయితే లోహ విగ్రహాలు రిజిస్టర్ చేయించాల్సిన వాటి జాబితాలో ఉన్నాయి గనుక చేయించుకోండి.

రిజిస్టరయ్యాక దేశంలోనే ఎవరికైనా అమ్మాలంటే అడ్డేమీ లేదు, చేతులు మారిందని రిజిస్టరింగ్ ఆఫీసర్‌కు తెలియజేయాలి అంతే. లైసెన్సు అవసరమయ్యేది పురావస్తువులు అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్నవారికి. సొంతింటి సామాను ఒకసారి అమ్ముకునేవాడు వ్యాపారి కాడు. కానీ ఈ ఉత్సాహంలో మీ అబ్బాయి చుట్టుపక్కల ఇళ్ల విగ్రహాలు కూడా తెచ్చి పాట పెట్టడం మొదలెడితే అప్పుడు లైసెన్సు లేని వ్యాపారమే అవుతుంది.

రూపాయలను సంవత్సరం చూసి వేరు చేయండి. 1918 అని ఉన్నది నూరేళ్లు దాటింది, దేశం దాటకూడదు. 1945ది ఇంకా దాటలేదు. తాళపత్రాలను మాత్రం చదివించకుండా అమ్మకండి, ధర కోసమైనా సరే. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి, అక్కడ అడిగితే వాటిని చదవగలిగినవాళ్లెవరో తెలుస్తుంది. అది వైద్యమో జ్యోతిషమో పాత పద్దుల లెక్కలో తెలియకుండా ‘ప్రాచీన గ్రంథం’ అని రాసి అమ్మితే, రేపు కొన్నవాడు చెప్పిన వస్తువు ఇది కాదని వెనక్కిస్తాడు. వర్ణించి అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి.

మీ మేనల్లుడి పని నాకు అస్సలు నచ్చలేదు. ఊళ్లో చెరువు పాటల్లో, కొబ్బరితోట పాటల్లో ఇది మామూలే అని మీరనొచ్చు. 1930 నాటి వస్తువుల అమ్మకపు చట్టం 64వ సెక్షన్ వేలం గురించే. అమ్మేవాడు తానే పాడదలిస్తే ఆ సంగతి ముందే బాహాటంగా చెప్పాలి. చెప్పకుండా తాను పాడినా తన తరఫున మనిషిని పెట్టి పాడించినా ఆ అమ్మకాన్ని కొనేవాడు మోసంగా పరిగణించవచ్చు. దొంగపాటతో ధర పెంచితే అమ్మకం రద్దు చేసుకునే హక్కూ అతనికి ఉంటుంది. మేనల్లుడు పాడిన పాటలన్నీ ఉపసంహరించి, ఆ వస్తువులకు మళ్లీ మొదటినుంచి వేలం పెట్టించండి. తక్కువ ధరకు పోతుందని భయమైతే చట్టం ఒప్పుకున్న దారి ఉంది: ఇంతకు తక్కువైతే ఇవ్వమని సర్కారు పాటలా కనీస ధర ముందే ప్రకటించవచ్చు. ఇంకో మాట, పాట ముగిసేదాకా పాడినవాడు వెనక్కి తగ్గవచ్చని అదే సెక్షన్ అంటుంది. కాబట్టి గడువు తీరకముందే ఎవరైనా తప్పుకుంటే గొడవ పడకండి. ముగిశాక మాత్రం అది ఒప్పందమే.

క్యూఆర్ కోడ్ పంపినవాడిని బ్లాక్ చేయండి. మనకు డబ్బు రావడానికి మనం స్కాన్ చేయక్కర్లేదు, పిన్ నొక్కక్కర్లేదు. ఇప్పటికే నొక్కి డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ వెనక్కి వచ్చే ఆశ తగ్గుతుంది. పాత నాణేలకు లక్షలిప్పిస్తాం, రిజర్వు బ్యాంకు కమీషన్ కట్టండి అనేవాళ్లు కూడా తగులుతారు. అలాంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

పన్ను సంగతి చిన్నదే. సొంతానికి వాడుకున్న గంగాళాలు, రేడియో, భోషాణం అమ్మితే మూలధన లాభం పన్ను లేదు. శిల్పాలు, చిత్రాలు, నగలకు ఆ మినహాయింపు వర్తించదు. విగ్రహం పెద్ద ధరకు పోతే ఆడిటర్‌ను కలవండి.

చెల్లెలి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, అదీ చివర్లో. అమ్మగారు వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె సామాన్లలో మీకెంతో మీ చెల్లెలికీ అంతే. నాన్నగారి పేర ఉన్నవాటిలోనూ కూతురిగా ఆమెకు వాటా ఉంది. పెళ్లయి వెళ్లిపోయిందనే మాట కోర్టులో చెల్లదు. అమ్మబోయే ప్రతి వస్తువూ రాసి, ఫోటోలు జతచేసి, అమ్మకానికి ఒప్పుకుంటున్నట్టు, డబ్బు ఎలా పంచుకుంటారో ఆమెతో సంతకం చేయించుకోండి. కాగితం పంపేముందు మీరే ఫోన్ చేయండి. ఆ సామాన్లలో ఏదైనా ఆమె దాచుకోవాలనుకుంటే దాన్ని వేలం నుంచి తీసేయించండి.