టిడ్‌బిన్‌బిల్లాకు ఒక్కడివే పోకు, తమ్మీ

సంక్రాంతికి హన్మకొండ వచ్చిన ప్రతిసారీ మా నయీంనగర్ గల్లీలో ఆస్ట్రేలియా ప్రయాణం కట్టిన పిల్లలు ఎవరో ఒకరు కలుస్తారు. ఈసారి కలిసిన తమ్ముడు ఫిబ్రవరిలో కాన్‌బెర్రాలో చదువుకు చేరుతున్నాడు. సెలవు దొరికితే పాకాల చెరువు దగ్గర పిట్టల ఫొటోలు తీస్తాడట. రూము అద్దెలు, పార్ట్ టైం పనులు వదిలేసి, అక్కడికి దగ్గర్లో ఉన్న టిడ్‌బిన్‌బిల్లా అభయారణ్యం గురించి అడిగాడు. కంగారూలు ఏ వేళకు కనిపిస్తాయి, పాములుంటాయా, ఒక్క రోజు సరిపోతుందా అని. ముచ్చటేసింది.

తమ్మీ, జంతువుల సంగతి సులువు. కాన్‌బెర్రా నుంచి కారులో ముప్పావు గంట, బస్సు పోదు. పొద్దున్నే, మళ్లీ సాయంత్రం కంగారూలు మేతకొస్తాయి, వెతికే పని లేదు. వాటికి బ్రెడ్డు పెట్టకు, దవడలకు జబ్బు చేస్తుంది. టికెట్టు ధర, గేటు మూసే వేళ, మంటల భయంతో మూసేసే రోజులు వెబ్‌సైట్‌లో చూసుకో. 2003 కార్చిచ్చులో ఆ లోయ చాలావరకు కాలిపోయింది, అందుకే ఆ విషయంలో అంత గట్టిగా ఉంటారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. ఒక్కడివే పోకు.

నేను 2009లో పోయాను, దేశంలో దిగిన మూడో నెలలో. వారమంతా క్లాసులు, పని. ఆదివారం వస్తే రూములో గోడలు చూస్తూ కూర్చోవడం. పాత కారు ఒకటి కొన్న వారమే ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. చెప్పడానికి మాత్రం ఎవరున్నారు? అడవి అంటే నాకు తెలిసింది తాడ్వాయి మీదుగా మేడారం పోయే దారి. బండినిండా చుట్టాలు, సద్ది గిన్నెలు, చిన్నమ్మల కేకలు. ఇక్కడ కారు డోరు వేస్తే ఆ చప్పుడు లోయంతా వినిపించినట్టనిపించింది.

చెరువు గట్టున కూర్చున్నాను. నీళ్ల మీద బుడగలు వరుసగా లేచాయి. ఆ వెనకే గోధుమరంగు వీపు, బాతు మూతి. ప్లాటిపస్! ఐదు సెకన్లు తేలిందేమో, మెలితిరిగి మునిగిపోయింది. "అగో, చూడు!" అని గట్టిగా అంటూ పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు. అమ్మ గుర్తొచ్చింది.

ఆ మనసుతోనే మధ్యాహ్నం రెండింటికి జిబ్రాల్టర్ పీక్ ఎక్కడం మొదలుపెట్టాను. రానుపోను ఎనిమిది కిలోమీటర్లు. చేతిలో అర లీటరు నీళ్లు, కాళ్లకు అరిగిన బూట్లు. పైన బండలు చూస్తే అచ్చం మన పద్మాక్షి గుట్టే. దిగేటప్పుడు గులకరాళ్ల మీద జారి మడమ బెణికింది. ఫోనులో సిగ్నల్ లేదు. వాయేజర్-2 అంతరిక్ష నౌకతో మాట్లాడే 70 మీటర్ల డిష్ యాంటెనా ఆ దగ్గర్లోనే ఉంది, నాకు మాత్రం హన్మకొండకు ఫోను కలవలేదు. వెనక దిగుతున్న ముసలి దంపతులు చేతికర్ర ఇచ్చి, కారు దాకా నాతో నడిచారు. ఆయన అడిగిన మొదటి మాట, "నువ్వు ఇక్కడున్నట్టు ఎవరికి తెలుసు?" నా దగ్గర జవాబు లేదు.

రెండు లీటర్ల నీళ్లు, మంచి బూట్లు, టోపీ ఎవరైనా చెప్తారు. పాములంటావా, ఉన్నాయి, బ్రౌన్ స్నేక్ చాలా విషం. కరిస్తే కడగకూడదు. కరిచిన కాలు మొత్తం బిగుతుగా పట్టీ చుట్టి, కదలకుండా పడుకోబెట్టి అక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోను చేయాలి. ఒక్కడివే ఉంటే ఆ పట్టీ ఎవరు చుట్టాలి? సిగ్నల్ ఉన్నచోటికి ఎవరు పరుగెత్తాలి?

మాకప్పుడు ఇవి చెప్పేవాళ్లు లేరు, పడి లేచి నేర్చుకున్నాం. ఆ కొండ ఇప్పుడు మా ఆవిడ, పిల్లలతో ఏటా ఎక్కుతున్నాను. మీరంతా ఆదివారాలు ఫోను పట్టుకుని పడుకుని, ఇంట్లో వాళ్లకు మాత్రం బాగున్నామని చెప్తారు. నాకు అదే టెన్షన్. చేరిన వారంలోనే బుష్‌వాకింగ్ క్లబ్బులో, అంటే గుంపుగా అడవుల్లో నడిచేవాళ్ల క్లబ్బులో, పేరు రాయించుకో. తెలుగువాళ్లే దొరకాలని చూడకు, ఆ ముసలాయన నాతో ఇప్పటికీ నడుస్తాడు. ఏ దారిన పోతున్నావో, ఎన్నింటికి వస్తావో ఒక్కరికైనా మెసేజ్ పెట్టు. ఎవరూ లేకపోతే నాకే పెట్టు.

దిగగానే ఫోను చెయ్. మొదటి ఆదివారం నేనే కారు తెస్తాను, ప్లాటిపస్ కోసం పొద్దున్నే పోదాం. అమ్మతో సకినాలు కట్టించుకో, ఎయిర్‌పోర్టు కార్డులో మాత్రం తినేవి ఉన్నాయని రాయి, దాచకు.