ఫ్రాన్స్‌లో మిసిసిపి కంపెనీ పెట్టి షేర్ల పిచ్చి రేపిన జాన్ లా మీద వేసిన వెక్కిరింపు ప్రింట్లలో ముఖం ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది, మరి అది అతనే అని ఎలా పోల్చుకోవాలి?

ముఖం పట్టుకుని వెతికితే దొరకడండీ. గీసినోళ్లలో చాలామంది అతన్ని కంటితో చూసి కూడా ఉండరని నా అనుమానం. నేను చాన్నాళ్లుగా రైక్స్ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం సైట్లలో ఇవే స్కాన్లు జూమ్ చేసుకుని చూస్తున్నా, ఇప్పుడైతే మనిషిని వదిలేసి ముందు చుట్టూ ఏమున్నాయో చూస్తా, తిట్టంతా అక్కడే ఉంటుంది.

ముందు గాలి సంగతి చూడండి. గాలిమరలు, తిత్తులు, ఎగిరే కాయితాలు కనిపిస్తే అది 1720 నాటి సరుకే అనుకోవచ్చు, ఎందుకంటే ఆ షేర్ల బేరాన్ని డచ్చివాళ్లు గాలి వ్యాపారం అనేవాళ్లు. ఒక ప్రింట్‌లో లా స్పానిష్ నవల్లోని డాన్ క్విక్సోట్ వేషంలో, అతని సేవకుడు సాంచో గాడిదెక్కి వెళ్తుంటాడు. గాలి అమ్మినోణ్ణి తీసుకెళ్లి గాలిమరల మీదకి యుద్ధానికెళ్లినోడితో కలపడం, ఎంత కసి ఉంటే తడుతుందండీ ఆ ఐడియా! పైగా కింద పద్యంలో పేరు దాచకుండా వేసేశారు, అందుకే ముఖం కన్నా ముందు కింద రాత చదవమంటా.

గూనివాడు ఉంటే ప్యారిస్‌లో ఈ షేర్ల బేరాలు సాగిన కాంకాంపువా వీధి గుర్తు తెచ్చుకోండి, షేర్లు రాసుకోడానికి తన వీపునే బల్లలా అద్దెకిచ్చాడని చెప్పుకునే గూనివాడి కథ అక్కడిదే. మిసిసిపి కంపెనీ షేరు 500 లీవ్రుల (అప్పటి ఫ్రెంచి డబ్బు) నుంచి 10,000 దాకా పోయి కూలిపోయింది, లా 1720 డిసెంబర్లో ఫ్రాన్స్ వదిలి పారిపోయాడు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ వేడి మీదే ఈ బొమ్మలన్నీ కలిపి 'హెట్ గ్రోటె టాఫెరేల్' అని పెద్ద సంపుటం వేసేశారు. హడావిడి ఎంతంటే వేరే సందర్భాలకి చెక్కిన పాత రాగిరేకుల్ని కూడా కాస్త మార్చి వాడేసుకున్నారు, ఇక ముఖాలు ఒకేలా ఎలా ఉంటాయి చెప్పండి.

లండన్‌వి ఇంకో తరహా. అక్కడ అదే ఏడాది కూలిన సౌత్ సీ కంపెనీ షేర్ల మీద హోగార్త్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన ప్రింట్‌లో జనం రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే పక్కన దెయ్యం అదృష్టదేవత ఒంట్లో కండ కోసి కిందున్న గుంపుకి విసురుతుంటుంది, నిజాయితీనేమో చక్రానికి కట్టి కొడుతుంటారు. నాకైతే లా బొమ్మలన్నిటికన్నా ఇదే ఘాటుగా అనిపిస్తుంది.

కొనే ఆలోచన ఉంటే ఒకటి, డచ్చి ప్రింట్‌కి నడిమధ్యలో మడత గీత ఉందని భయపడకండి, ఆ సంపుటంలోంచి విడదీసిన పెద్ద పేజీలకి అది మామూలే. అంచులు మరీ కురచగా కత్తిరించి కింద పద్యం పోయిందేమో మాత్రం చూస్కోండి.