బ్యాటింగ్ అంతంతమాత్రమైన కీపర్ కౌంటీ క్రికెట్లో నిలబడగలడా?

మీ మేనల్లుడు ఇంగ్లండులో క్లబ్బు క్రికెట్ ఆడుతున్నాడని, కీపింగ్‌లో చేతులు బాగున్నాయని అందరూ మెచ్చుకుంటున్నారని, బ్యాటింగ్ మాత్రం అంతంతమాత్రమని రాశారు. అలాంటివాడు కౌంటీ క్రికెట్లో, అంటే అక్కడి జిల్లాల పేరుతో ఉండే ప్రొఫెషనల్ జట్లలో, కెరీర్ చేసుకోగలడా అని అడిగారు. చేసుకోగలడు. చేసుకోనివ్వాలి కూడా. నేను పదకొండేళ్ళు హైదరాబాదు లీగుల్లో కీపింగ్ చేశాను. కుడిచేతి ఉంగరం వేలు ఈరోజుకీ వంకరే, ఉంగరం దూరదు. ఈ ప్రశ్న చూసి జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

బాబ్ టేలర్ సంగతి మీవాడికి చెప్పండి. డెర్బీషైర్ కీపర్. 1961 నుంచి 1984 దాకా ఒకే కౌంటీ. మొత్తం 639 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 1473 క్యాచ్‌లు, 176 స్టంపింగులు (బ్యాట్స్‌మన్ క్రీజు దాటినప్పుడు బంతి పట్టి బెయిల్స్ పడగొట్టడం). కలిపితే 1649. ప్రపంచంలో ఏ కీపరూ ఆ అంకె దాటలేదు, ఇక దాటేవాడూ రాడు. బ్యాటింగ్ సగటు పదిహేడు కూడా లేదు. అన్నేళ్ళలో కొట్టింది ఒక్కటే సెంచరీ, అదీ ఇరవై ఏళ్ళు ఆడాక, 1981లో యార్క్‌షైర్ మీద.

ఆయన పేరు నేను మొదటిసారి విన్నది రేడియోలో. 1980 ఫిబ్రవరి. బొంబాయి వాంఖడేలో మన బోర్డు స్వర్ణోత్సవాల టెస్టు. నాకు పన్నెండేళ్ళు. మొదటిరోజు మనం 242కి ఆలౌటయ్యాం. పదిమందిలో ఏడుగురు ఔటయింది టేలర్ చేతుల్లోనే. మర్నాడు సూర్యగ్రహణం, అందుకని ఆటకి సెలవిచ్చారు. మా నాయనమ్మ కిటికీలకి దుప్పట్లు కట్టించింది, పచ్చడి జాడీల్లో దర్భలు వేసింది, నెల తప్పిన మా పిన్నిని గదిలోంచి కదలనివ్వలేదు. వీధిలో కుక్క కూడా లేదు. ఆ చీకటి గదిలో కూర్చుని నేను ఆలోచించింది సూర్యుడి గురించి కాదు. ఒక్క మనిషి ఒక్క ఇన్నింగ్స్‌లో ఏడు క్యాచ్‌లు ఎలా పట్టాడా అనే.

ఆ తర్వాతి రోజు ఇంగ్లండ్ 58కి 5. మా నాన్న రేడియో పక్కనే కుర్చీ వేసుకున్నాడు. బోథమ్‌తో టేలర్ కలిశాడు. కపిల్ బంతి, కీపర్ క్యాచ్ అని అప్పీలు, అంపైరు వేలెత్తేశాడు. టేలర్ తగల్లేదన్నట్టు నిలబడిపోయాడు. స్లిప్పులో ఉన్న మన కెప్టెన్ విశ్వనాథ్ అంపైరు దగ్గరికెళ్ళి అప్పీలు వెనక్కి తీసుకున్నాడు. ఆ ఇద్దరూ 171 పరుగులు జోడించారు. బోథమ్ 114, టేలర్ 43. రెండో ఇన్నింగ్స్‌లో ఇంకో మూడు క్యాచ్‌లు పట్టాడు టేలర్, మొత్తం పది. పది వికెట్లతో ఓడిపోయాం. మా నాన్న వారంరోజులు విశ్వనాథ్‌ని తిట్టాడు. బెజవాడలో మన ఆంధ్ర మీదే 230 కొట్టి రంజీల్లోకి అడుగుపెట్టిన మనిషి ఆయన, మా నాన్నకి అంతకుముందు దేవుడు. నాకు మాత్రం ఆరోజు ఆయన మీద ప్రేమ పెరిగింది. తగలకపోతే తగలనట్టే. కీపర్‌కి అది అందరికంటే బాగా తెలుస్తుంది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ప్రహరీగోడకి బంతి కొట్టి పట్టడమే పని. బంతి లేచినప్పుడు దాంతోపాటు లేవాలి, ముందు లేవకూడదు. చేతులు దాని వెనక్కి తగ్గాలి, ఎదురెళ్ళకూడదు. ఇంతే విద్య. వెయ్యిసార్లు చేస్తే గానీ ఒంటికి పట్టదు.

ఇరవయ్యొకటో ఏట సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో ఒక లీగు మ్యాచ్. మ్యాటింగ్ పిచ్, అంటే నేల మీద చాప పరిచిన పిచ్, దుమ్ము. మా మీడియం పేసర్‌ని వాళ్ళ బ్యాట్స్‌మన్ క్రీజుకి అడుగు బయట నిలబడి ఆడుతున్నాడు. నేను వెనకనుంచి వికెట్ల దగ్గరికొచ్చేశాను. కెప్టెన్ వద్దని చెయ్యి ఊపాడు, వినలేదు. రెండో బంతే లెగ్‌సైడు పడింది. అటు పడ్డ బంతి బ్యాట్స్‌మన్ ఒళ్ళు అడ్డమొచ్చి కీపర్‌కి కనపడదు. పడిన చోటుని బట్టి ఎక్కడికొస్తుందో తెలుసుకుని అక్కడ చేతులుంచాలి, అంతే. గ్లోవ్స్‌లో బంతి చప్పుడు, బెయిల్స్ చప్పుడు కలిసే వినపడ్డాయి. స్క్వేర్‌లెగ్ అంపైరు ఒక్క క్షణం ఆగి వేలెత్తాడు. ముప్పయ్యేడేళ్ళయింది, ఆ రెండు చప్పుళ్ళూ నా చెవుల్లో ఇంకా ఉన్నాయి.

తర్వాతి వారం జట్టు కాగితంలో నా పేరు లేదు. ఓపెనింగ్ చేసే కుర్రాడొకడికి గ్లోవ్స్ ఇచ్చారు. అతను ఆ మ్యాచ్‌లో అరవై చిల్లర కొట్టాడు, రెండు క్యాచ్‌లు వదిలేశాడు. వదిలేసిన క్యాచ్ స్కోరుబుక్కులో ఎక్కడుంటుంది? ఎక్కడా ఉండదు. నా అనుభవంలో ఒక్క క్యాచ్ జారితే నలభై పరుగులు పోయినట్టే. ఈ లెక్క ఏ సెలెక్టరూ వెయ్యడు. అక్కడా అంతే, ఇక్కడా అంతే. ఇంగ్లండులో బెన్ ఫోక్స్‌కంటే మంచి చేతులు ఎవరికున్నాయి? 2023లో ఆస్ట్రేలియాతో యాషెస్ సిరీస్‌లో ఆయన్ని పక్కనపెట్టి బెయిర్‌స్టోకి గ్లోవ్స్ ఇచ్చారు. మన వైజాగ్ కుర్రాడు కె.ఎస్. భరత్ తిరిగే పిచ్‌ల మీద వికెట్ల దగ్గర ఎంత నిమ్మళంగా నిలబడతాడు! రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టినవాడే. అయినా పరుగుల పేరు చెప్పి ఏడు టెస్టులకే పక్కనపెట్టారు. నాకు ఇది మింగుడుపడదు.

టేలర్‌కీ జరిగింది. 1971లో క్రైస్ట్‌చర్చ్‌లో మొదటి టెస్టు. రెండో టెస్టు ఎప్పుడో తెలుసా? 1977 డిసెంబర్, లాహోర్‌లో. మధ్యలో అంతా కెంట్ కీపర్ అలన్ నాట్‌దే. నాట్ గొప్ప కీపరే, నేను కాదనను, పైగా బ్యాటింగ్ కూడా వచ్చు. ఆయన ఆస్ట్రేలియా వ్యాపారి కెర్రీ ప్యాకర్ సొంతంగా పెట్టిన సిరీస్‌కి వెళ్ళిపోతే గానీ టేలర్‌కి దారి దొరకలేదు. అప్పటికి ముప్పయ్యారేళ్ళు. ఆ ఆరేళ్ళూ ఆయన డెర్బీలో, ఒకప్పుడు గుర్రప్పందాలు జరిగిన ఆ మైదానంలో, చలిగాలికి రోజంతా వంగి లేస్తూనే ఉన్నాడు. పిలుపొచ్చాక 57 టెస్టుల దాకా వెళ్ళాడు.

రిటైరయ్యాక కూడా ఆయన్ని పిలిచారు. 1986లో లార్డ్స్‌లో న్యూజిలాండ్ మీద టెస్టు. హ్యాడ్లీ బంతి తగిలి ఇంగ్లండ్ కీపర్ బ్రూస్ ఫ్రెంచ్ ఆడలేకపోయాడు. టేలర్ ఆ రోజు స్పాన్సర్ల తరఫున అతిథుల్ని చూసుకుంటున్నాడు. వయసు 45, ఆట మానేసి రెండేళ్ళు. న్యూజిలాండ్ కెప్టెన్ కోనీ ఒప్పుకున్నాడు. టేలర్ అతిథుల గుడారంలోంచి లేచొచ్చి ప్యాడ్లు కట్టుకుని టెస్టు మ్యాచ్‌లో కీపింగ్ చేశాడు, ఒక్కరోజు కూడా మానలేదన్నట్టే.

మీవాణ్ణి బ్యాటింగ్ చెయ్యొద్దని నేను చెప్పను. రోజుకో గంట చెయ్యనివ్వండి, ఎనిమిదో నంబరులో ఓపికగా నిలబడగలిగితే చాలు. ఇంగ్లండులో బంతి బ్యాట్స్‌మన్‌ని దాటాక కూడా గాలిలో ఊగుతుంది, అది మన మ్యాటింగుల మీద మేం ఎరగని కష్టం, దానికి వేరే సాధన కావాలి. అతను మీడియం పేసర్లకి వికెట్ల దగ్గర నిలబడుతున్నాడా, వెనక్కే ఉంటున్నాడా? కనుక్కుని కింద రాయండి, మిగతాది చెప్తాను.