దాణాలో మసాలా సారాలు: ల్యాబ్ రిపోర్టును ఎలా చదవాలి?

పశువుల దాణాలో పెరుగుదల కోసం యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపివేసింది. ఆ తరువాత మిరప, దాల్చినచెక్క, లవంగం, వాము, పసుపు వంటి వాటి నుంచి తీసిన సారాలను, సుగంధ తైలాలను దాణాలో రుచికీ వాసనకూ కలిపే వాడుక బాగా పెరిగింది. వాటి పరీక్షల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము సొంత మిల్లులో లేయర్ కోళ్ల దాణా ఆడించుకుంటాము. దాల్చినచెక్క, వాము సారాలున్న గుళికల పొడిని టన్నుకు 200 గ్రాముల చొప్పున కలుపుతున్నాము. అనుమానం వచ్చి కలిపిన దాణాను ఒక ల్యాబ్‌కు పంపితే, దాల్చినచెక్క సారంలోని సిన్నమాల్డిహైడ్ ‘కనిపించలేదు’ అని రిపోర్టు వచ్చింది. సరఫరాదారు మమ్మల్ని మోసం చేసినట్టేనా? – ఒక కోళ్ల రైతు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: ఈ ఒక్క రిపోర్టును పట్టుకుని అలా తేల్చడం సరికాదు. ముందు లెక్క చూడండి. మీ పొడిలో సిన్నమాల్డిహైడ్ 5 శాతం ఉందనుకుంటే, టన్ను దాణాలో చేరేది 10 గ్రాములు, అంటే కిలోకు 10 మిల్లీగ్రాములు. ల్యాబ్‌లో పరీక్షకు తూచుకునేది 2 గ్రాముల దాణా అయితే, అందులో మీ పొడి 0.4 మిల్లీగ్రాము మాత్రమే ఉంటుంది. అర మిల్లీమీటరు గుళిక ఒక్కొక్కటి సుమారు 0.06 మిల్లీగ్రాము తూగుతుంది కనుక, మొత్తం పరీక్ష ఆరేడు గుళికల మీద ఆధారపడుతుంది. ఆ 2 గ్రాములలో రెండే గుళికలు పడితే ఒక ఫలితం, పది పడితే మరొక ఫలితం వస్తాయి. అందుకే కనీసం అరకిలో దాణాను మెత్తగా పిండి చేసి, బాగా కలిపి, ఆ తరువాతే పరీక్షకు కావలసినంత తీయమని ల్యాబ్‌వారిని ముందుగానే కోరాలి.

రెండవ చిక్కు గుళికల పైపూతతో వస్తుంది. సుగంధ తైలాలు ఆవిరైపోకుండా వాటిని గట్టిపరచిన కొవ్వులో పొదిగి అమ్ముతారు. పరీక్షకు వాడిన ద్రావణి (కరిగించే ద్రవం) ఆ కొవ్వును పూర్తిగా కరిగించకపోతే లోపలి సారం బయటికి రాదు, యంత్రం ఎంత మంచిదైనా దానికి ఏమీ కనిపించదు. పైగా సిన్నమాల్డిహైడ్ ఆల్డిహైడ్ జాతి రసాయనం. అది సోయా చెక్క వంటి వాటిలోని ప్రొటీన్లతో కలిసిపోతుంది, గాలి తగిలితే సిన్నమిక్ ఆమ్లంగా మారుతుంది. కలిపి నెల రోజులు నిలవ ఉన్న దాణాలో అది తగ్గిపోవడానికి మోసమే కారణం కానక్కరలేదు. పెల్లెట్లుగా చేసే బ్రాయిలర్ దాణాలో ఆవిరి వేడికి కూడా కొంత పోతుంది.

దాణా సంకలితాల (దాణాలో అదనంగా కలిపే పదార్థాల) పరీక్షా పద్ధతులను పరిశీలించే యూరోపియన్ రిఫరెన్స్ ల్యాబొరేటరీ బెల్జియంలోని గీల్ పట్టణంలో ఉంది. మొక్కల నుంచి తీసిన ఇటువంటి సారాలు దాణాలో కలిసిన తరువాత వాటి పరిమాణాన్ని కచ్చితంగా కొలవడం ప్రయోగపరంగా సాధ్యం కాదని అది తన నివేదికలలో అనేకసార్లు పేర్కొంది. అందువల్ల సుగంధ తైలాల విషయంలో అక్కడ సంకలితాన్నే పరీక్షిస్తారు. ఐఎస్ఓ 11024 ప్రమాణం ఆధారంగా గ్యాస్ క్రొమటోగ్రఫీ (ఆవిరిగా మార్చి రసాయనాలను విడదీసి కొలిచే పద్ధతి) చేసి, ఆ తైలానికి గుర్తుగా ఎంచుకున్న రసాయనం ఎంత శాతం ఉందో చూస్తారు. మీరు కూడా డబ్బును ఆ పరీక్షకే ఖర్చు పెట్టాలని నా గట్టి అభిప్రాయం. సీలు తీయని సంచి నుంచి నమూనా తీసి, గాజు సీసాలో నింపి పంపండి. పాలిథిన్ సంచి తైలాన్ని పీల్చుకుంటుంది, కనుక అది పనికిరాదు. బ్యాచ్ నంబరు, గుర్తు రసాయనం పేరు, దాని శాతం, కొలిచిన పద్ధతి అన్నీ రాసి ఉన్న పత్రాన్ని సరఫరాదారు నుంచి తీసుకుని, ల్యాబ్ ఫలితాన్ని దానితో పోల్చండి. అక్కడ తేడా వస్తే అప్పుడు మీరు నిలదీయవచ్చు.

దాణాలో సరిగా కలిసిందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి మిక్సరులోని వేర్వేరు చోట్ల నుంచి కనీసం పది నమూనాలు తీసి, ఉప్పు వంటి సులువుగా కొలవగల పదార్థాన్ని ప్రతి నమూనాలో కొలిస్తే చాలు. ఫలితాల మధ్య వైవిధ్య గుణకం (సగటు నుంచి అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే శాతం) 10 శాతం లోపు ఉంటే మిక్సరు బాగానే పనిచేస్తున్నట్టు లెక్క.

ప్రశ్న: కోళ్లు కారం తినలేవు కదా, మిరప సారం కలిపితే దాణా మానేయవా? – ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: మానేయవు. పాలిచ్చే జంతువుల నాడులలో కారాన్ని, మంటను పసిగట్టే గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కోళ్లలో ఉండే అదే గ్రాహకానికి మిరపలోని కారపు రసాయనమైన కాప్సైసిన్ పట్టదని 2002లో తేలింది. పందులకు, పశువులకు మాత్రం కారం తెలుస్తుంది, కనుక వాటి మోతాదు విషయంలో జాగ్రత్త అవసరం. పచ్చసొన రంగు కోసం కలిపేది కారం లేని ఎర్ర మిరప సారం. దానిలో చూడవలసింది రంగు విలువ కానీ కారం కాదు.

ప్రశ్న: మిరప ఓలియోరెసిన్‌ను (ద్రావణితో తీసిన చిక్కటి సారాన్ని) దాణా కంపెనీకి అమ్మేముందు ఏ పరీక్షలు చేయించాలి? కారాన్ని ‘స్కోవిల్’ లెక్కలో అడుగుతున్నారు. – ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: 1912లో విల్బర్ స్కోవిల్ రూపొందించిన పద్ధతిలో మిరప సారాన్ని చక్కెర నీళ్లతో పలుచన చేస్తూ పోయి, నాలుకకు కారం తెలియకుండా పోయేదాకా రుచి చూసేవారు. ఇప్పుడు ద్రవ క్రొమటోగ్రఫీతో, అంటే హెచ్‌పీఎల్‌సీతో, కాప్సైసిన్‌ను, దాని దగ్గరి రసాయనాలను విడివిడిగా కొలిచి, ఆ అంకెలను స్కోవిల్ యూనిట్లలోకి మారుస్తారు. కిలోకు 1 మిల్లీగ్రాము కాప్సైసిన్ సుమారు 16 యూనిట్లకు సమానం. అంటే 10 లక్షల యూనిట్ల ఓలియోరెసిన్‌లో కారపు రసాయనాలు 6 శాతానికి కాస్త పైన ఉండాలి. తేజ రకం కాయ నుంచి తీసిన సారంలో ఇంత కారం ఉండడం మీకు కొత్త కాదు.

అయితే మొత్తం అంకె ఒక్కటే చూస్తే మోసపోయే అవకాశం ఉంది. నోనివమైడ్ అనే కృత్రిమ కారపు రసాయనం క్రొమటోగ్రఫీలో సహజ రసాయనాల పక్కనే బయటికి వస్తుంది. మిరపలో అది సహజంగా ఉన్నా అతి స్వల్పంగానే ఉంటుంది. కాప్సైసిన్, డైహైడ్రోకాప్సైసిన్, నోనివమైడ్ శాతాలను వేర్వేరుగా చూపించమని అడగండి. చౌకగా కారం పెంచిన సరుకు అప్పుడు బయటపడుతుంది.

ఓలియోరెసిన్ తీసేటప్పుడు కాయలోని మంచితో పాటు చెడు కూడా చిక్కబడుతుందని మరచిపోకూడదు. 100 కిలోల కాయ నుంచి 10 కిలోల సారం వచ్చిందనుకుంటే, కొవ్వులో కరిగే పురుగుమందుల అవశేషాలు, సూడాన్ రంగులు (ఎరుపు కోసం కల్తీ చేసే కృత్రిమ రంగులు) దాదాపు పది రెట్లు చిక్కబడతాయి. 2003లో మన దేశపు మిరప ఉత్పత్తులలో సూడాన్-1 రంగు కనిపించడంతో, యూరప్ దిగుమతి చేసుకునే మిరప సరుకుకు ఆ రంగు లేదన్న పరీక్షా పత్రాన్ని తప్పనిసరి చేసింది. ఎవరో చేసిన కల్తీకి నిజాయితీగా పండించిన రైతులు కూడా దెబ్బతిన్నారు, కనుక ఈ పరీక్షను ఖర్చుగా చూడవద్దని నా మనవి. ఆరబెట్టడంలో తేడా వస్తే కాయలో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ద్రావణిని బట్టి సారంలోకి వస్తుంది. అసిటోన్, ఇథైల్ అసిటేట్‌లతో తీస్తే అది కూడా కొంత వస్తుంది, హెక్సేన్‌లో మాత్రం కరగదు. మిగిలిపోయిన ద్రావణిని, సీసాలో సారం పైన చేరే ఆవిరిని పరీక్షించే హెడ్‌స్పేస్ గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొలుస్తారు. మసాలా ఓలియోరెసిన్‌లలో అమెరికా ఆహార నిబంధనల ప్రకారం అసిటోన్ కిలోకు 30 మిల్లీగ్రాములు, హెక్సేన్ 25 మిల్లీగ్రాములు దాటకూడదు.

మీ ఊరిలోనే స్పైసెస్ బోర్డు నాణ్యతా పరీక్షా కేంద్రం ఉంది. ప్రైవేటు ల్యాబ్‌కు వెళితే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అన్న ప్రశ్నతో ఆగకండి. ఆ గుర్తింపుకు జతచేసిన పరిధి పత్రంలో మీరు కోరే పరీక్ష, మీరు పంపే పదార్థం రెండూ ఉన్నాయో లేదో చదవండి. మిరపపొడిలో కొలవడానికి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పశుదాణాలో కొలవడానికి గుర్తింపు లేకపోవచ్చు.

ప్రశ్న: పాడి గేదెల దాణాలో పసుపు, పసుపు సారం వాడుతున్నాము. ‘కర్క్యుమిన్ 5 శాతం’ అన్న రిపోర్టు సరిపోతుందా? – పాల ఉత్పత్తిదారుల సంఘం సభ్యుడు, నిజామాబాద్

జవాబు: పసుపుకు రంగునిచ్చే ఆ కర్క్యుమిన్‌ను ఏ పద్ధతిలో కొలిచారో ముందు అడగండి. పసుపును ఆల్కహాలులో కరిగించి, 425 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసి లెక్కకట్టే పద్ధతి చౌక, త్వరగా అవుతుంది. కానీ మెటానిల్ యెల్లో వంటి కల్తీ రంగు కూడా ఆ దగ్గరి కాంతినే పీల్చుకుంటుంది కాబట్టి, కల్తీ సరుకుకు మంచి అంకె వచ్చే ప్రమాదం ఉంది. హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో అవి విడిపోతాయి.

దానికన్నా ముఖ్యమైనది సీసం పరీక్ష. రంగు నిగనిగలాడడానికి కొందరు పసుపుకు లెడ్ క్రోమేట్ పూస్తారు. దాని బరువులో 64 శాతం సీసమే కనుక, కిలో పసుపులో 1 గ్రాము లెడ్ క్రోమేట్ కలిసినా సీసం కిలోకు 640 మిల్లీగ్రాములు అవుతుంది. మనుషులు తినే పసుపుకు మన దేశంలో పరిమితి 10 మిల్లీగ్రాములు మాత్రమే. పశువు శరీరంలో సీసం ఎముకల్లో, కాలేయంలో పేరుకుంటుంది, పాలలోకి కూడా కొంత వస్తుంది. లోహాలను అతి స్వల్పంగా ఉన్నా కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంతో సీసాన్ని, క్రోమియాన్ని రెండింటినీ కొలిపించండి. రెండూ కలిసి పెరిగి ఉంటే, ముఖ్యంగా సీసం బరువు క్రోమియం బరువుకు దాదాపు నాలుగు రెట్లు ఉంటే, అది నేల నుంచి వచ్చినది కాక పూసిన రంగేనని బలంగా అనుమానించాలి.

పాడి పశువుల విషయంలో అఫ్లాటాక్సిన్ బీ1 పరీక్షను కూడా వదలకండి. పశువు తిన్న దానిలో 1 నుంచి 6 శాతం వరకు ఎం1 రూపంలో పాలలోకి చేరుతుంది, పాలను కాచినా పోదు. పాలలో దానికి మన దేశ పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము. అయితే దాణాలో పసుపు వాటా చిన్నది. మొక్కజొన్న, వేరుశనగ చెక్క, పత్తి చెక్కల వాటా పెద్దది. కనుక ఈ పరీక్షకు కేటాయించే డబ్బులో ఎక్కువ భాగం వాటికే పెట్టి, పసుపుకు మాత్రం సీసం పరీక్షను ప్రతి కొత్త లాటుకూ చేయించండి.